ఆయ్, వంతెన పూర్తయిందండీ!

గోదారి మీద వంతెన సిమెంటుతోనే కట్టాలని ఎవరండీ చెప్పింది? బొమ్మ ఇటుకల వంతెనకి సాటొచ్చేది ఈ భూప్రపంచంలో లేదని నేను బల్ల గుద్ది చెబుతాను. అది బల్ల మీదే ఉంది కాబట్టి మరీ గట్టిగా గుద్దను లెండి!

నమ్మకపోతే గుమ్మడిలంక హేమని అడగండి. పాలిటెక్నిక్‌లో సివిల్ చదివిన పిల్ల. ఇప్పుడు ఏడో నెల, డాక్టరమ్మ మంచం దిగొద్దంది. ఊరికీ అమలాపురం ఆసుపత్రికీ మధ్య గోదారి పాయ. దాటాలంటే మనుషులూ, మోటారుసైకిళ్లూ, గేదెలూ కలిసెక్కే పంటు ఒక్కటే దిక్కు. వంతెనకి శంకుస్థాపన రాయి మాత్రం హేమ ఎల్కేజీలో ఉన్నప్పుడే వేసేరు.

నొప్పులొచ్చే వేళకి పంటు అవతలి ఒడ్డున ఉంటే? ఈ బెంగతో పిల్లకి అన్నం సయించడం లేదు. అది విని దోహాలో ఉన్న అన్న నాగసతీష్, కాలక్షేపానికని పెద్ద డబ్బాడు బొమ్మ ఇటుకలు పంపేడు. హేమ మంచం పక్కకి బల్ల లాక్కుని, ఏకంగా ఊరి వంతెనే మొదలెట్టింది!

రాయి మీద చెక్కినట్టే పదకొండు స్తంభాలు. మొదటిసారి నడిమధ్యలో వంగిపోయింది. ఊడదీసి, కింది ఇటుకల అతుకు మీద పై ఇటుక వచ్చేలా రెండు వరసలు పేర్చింది. నిలబడిందండీ! బూడిదరంగువి అయిపోవడంతో చివరి మూడు స్తంభాలూ గులాబీరంగులో తేలేయి.

వరదొస్తేనో అంటారా? అటకెక్కించేస్తాం. అసలు వంతెన ఫైలు మాత్రం ఎక్కడుందనుకున్నారు? కాంట్రాక్టరు మధ్యలో పారిపోతేనో? ఈ కాంట్రాక్టరు మంచమే దిగకూడదు కదా!

హేమ భర్త పవన్ మురిసిపోయి, "మన వంతెన పూర్తయింది" అని ఊరి వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టేడు. అది తిరిగి తిరిగి ఏదో ఆఫీసుకి చేరింది. అక్కణ్ణించి హేమకి ఫోను.

"గుమ్మడిలంక వంతెన పూర్తయిందామ్మా?"

అడిగినవాణ్ణి లేదని నొప్పించడం కోనసీమ నోటికి చేతకాదు కదండీ. "ఆయ్," అంది హేమ.

"బళ్లు తిరుగుతున్నాయా?"

పక్కింటి పిల్లల బొమ్మ లారీలు గుర్తొచ్చేయి. "ఆయ్, లారీలే తిరుగుతున్నాయండి."

వారం తిరక్కుండా వంతెన వాడుకలో ఉందని రికార్డుల్లోకి ఎక్కింది. వంతెనుండగా పంటు దేనికని పంటు ఆపేసేరు. ఇరవయ్యేళ్లుగా అంతమంది ఇంజనీర్ల వల్ల కానిది ఒక్క 'ఆయ్' వల్ల అయిపోయింది!

తొమ్మిదో నెలలో, మిట్టమధ్యాహ్నం నొప్పులొచ్చేయి. అంబులెన్సు అవతలి ఒడ్డుకొచ్చి ఆగింది. డ్రైవరు ఫోను చేసేడు.

"వంతెనుందని మాకు రాసిచ్చేరు, కనపట్టం లేదు. ఎక్కడుందండీ?"

"ఆయ్, ఉందండి. మా టీవీ పక్కన," అంది హేమ అత్తగారు వెంకటరమణమ్మ, ఏడుపు ఆపుకుంటూ.

చివరికి చేపల పడవలో పడుకోబెట్టి దాటించేరు. నీళ్లు మీద పడుతుంటే, పళ్లు బిగపట్టి హేమ స్తంభాలు లెక్కపెట్టుకుంది. ఏది ఎక్కడుండాలో ఆ పిల్లకి తెలుసు. పదకొండూ అయ్యేసరికి ఒడ్డొచ్చింది. తలుచుకుంటే నాకు ఒళ్లు మండిపోతుందండీ. ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం.

మూడోనాడు ఆసుపత్రి మంచం మీదుండగా ఆ ఆఫీసు నుంచే మళ్లీ ఫోను.

"వంతెన సౌకర్యంగా ఉందామ్మా?"

హేమ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి 'ఆయ్' అనలేదు. "లేదండీ!" అని అరిచింది. "లేదు! లేనే లేదు!"

"అయ్యో, కంగారు పడకండమ్మా. రిపేరని రాసుకుంటున్నాం."

వచ్చే నెలలో రిపేరుకి శంకుస్థాపనంట! పాత రాయి పక్కనే కొత్త రాయి వేస్తారట. మంచిదేనండీ. ఆ రెండిటి మీదా ఓ చెక్క పరిస్తే, పడవ కోసం కాసుకునేవాళ్లు కూర్చోడానికి పనికొస్తుంది.