మూడోసారి అడుగు

ఆ శనివారం పొద్దున ఆర్విడ్ టాలెఫ్‌సన్ పెట్టుకున్న పని ఒక్కటే. ఇంటికి ఉత్తరం వైపున్న నేలమాళిగ కిటికీకి ఇరవై ఇసుక బస్తాలు అడ్డం పెట్టి, కాఫీ తాగుతూ రేడియోలో వరద వార్తలు వినడం. డెబ్బై రెండేళ్ళ మనిషికి ఒక పూటకి అంతకంటే పనెందుకు?

నదికి ఆయన భయపడనక్కర్లేదు. మిన్నెసోటాలో మా నార్‌బీ ఊరు మొత్తానికి ఆయన ఇల్లే మెరక. భయమల్లా మంచుతోనే. చలికాలమంతా దారి మీది మంచుని పారతో తోసి తోసి ఆ ఉత్తరం గోడ పక్కనే పోశాడు మహానుభావుడు. ఏప్రిల్ వచ్చినా అది ఇంకా మనిషెత్తు ఉంది. రాత్రి నుంచి దాని మీద వాన కురుస్తోంది. ఆ నీళ్ళు కిటికీలోంచి దిగాయంటే, కింద మార్లిస్ మగ్గం ఉంది.

మార్లిస్ ఆయన భార్య. మగ్గం ఆవిడ నాయనమ్మ నార్వే నుంచి ఓడలో తెచ్చుకున్నది. దాని మీద ఇప్పుడు మనవరాలి పెళ్ళికని పాతబట్టల పేలికలతో తివాచీ నేస్తోంది. ధాన్యం గోదాములో పనిచేసిన రోజుల్లో ఆర్విడ్ వేసుకున్న నీలం చొక్కాలు, ఆయన తనను మొదటిసారి చూసినప్పుడు తను వేసుకున్న పసుపు గౌను, అన్నీ పేలికలై అందులో ఉన్నాయి. మూడు నెలల పని. ఇంకో మూరెడు నేస్తే అయిపోతుంది. పడుగు కోస్తే తప్ప మగ్గం మెట్లెక్కదు, కోస్తే ఇక తివాచీ లేదు. నేసినదంతా చుట్టుకున్న కర్ర నేలకి జానెడు ఎత్తులో ఉంటుంది.

"నది ఏమైనా కానీ, నా మగ్గం మాత్రం తడవకూడదు," అంది మార్లిస్, బస్తాలు నింపేవాళ్ళకి రొట్టెలు చెయ్యడానికి బడికి బయల్దేరుతూ. "సాయం కావాలంటే నోరు తెరిచి అడుగు."

"ఇరవై బస్తాలకి సాయమెందుకు?"

"ఇల్లు అంటుకున్నా నువ్వు అదే మాటంటావు," అని ఆవిడ కారెక్కింది.

అందులో ఆయన తప్పేమీ లేదు. మా ఊళ్ళో సాయం ఎవరూ అడగరు. ఎదుటివాళ్ళే వచ్చి కావాలా అనాలి. మొదటిసారి వద్దనాలి. రెండోసారి అబ్బే అనాలి. మూడోసారి కూడా అంటే అప్పుడు "సరే, మీరంతగా అంటున్నారు కాబట్టి" అని ఒప్పుకోవాలి. మూడోసారి అనలేదంటే మాటవరసకి అన్నట్టు. తాతల నాటి పద్ధతి. దీనివల్ల నష్టపోయినవాడు ఎవడూ లేడు, ఆ శనివారం దాకా.

ఎదురింటి రోలాండ్‌కి లారీ ఉంది. వరద పనులకి ఈ ఏడు అతనే పెద్ద. మెడలో ఈల, ఒంటి మీద నారింజరంగు కోటు వచ్చేసరికి మనిషికి కాలు నేల మీద ఆగడం లేదు. ఆర్విడ్ రోడ్డు దాటి, వాతావరణం గురించి పది నిమిషాలు మాట్లాడి, చివరికి అసలు సంగతి కదిపాడు.

"ఓ ఇరవై బస్తాలుంటే బావుండును. లేకపోయినా పర్లేదులే."

రోలాండ్‌కి గుండె కరిగిపోయింది. ఆర్విడ్ అంతటివాడు నోరు విడిచి ఇరవై అన్నాడంటే, పాపం, ఎంత అవసరమో. అరగంటలో లారీ వచ్చింది. వెనకే చర్చి జనం నలభై మంది వచ్చి వరసగా నిలబడి బస్తాలు చేతులు మార్చడం మొదలుపెట్టారు. కిటికీకి అడ్డంగా, ఇంటికి కాస్త ఎడంగా పడ్డాయి. ఉత్తరం గోడ పొడుగునా పడ్డాయి. మూల తిరిగాయి.

"ఇక చాలు రోలాండ్," అన్నాడు ఆర్విడ్.

"ఊరుకోండి, మీకు కాకపోతే ఎవరికి వేస్తాం?"

"నిజంగా చాలు."

"మీ మొహమాటం నాకు తెలీదా ఆర్విడ్ గారూ. ఇంటి చుట్టూ వేసేస్తాం, ఏమంటారు?"

మూడోసారి అడిగాడు. డెబ్బై రెండేళ్ళ అలవాటు ఆర్విడ్ నాలుక మీదే కూర్చుని ఉంది.

"సరే, మీరంతగా అంటున్నారు కాబట్టి," అనేశాడు.

పదకొండింటికల్లా ఇల్లు కోటైపోయింది. ఛాతీ ఎత్తు గోడ, లోపల చుక్క నీరు జారకుండా ప్లాస్టిక్ పట్టా. ఎక్కి దిగడానికి రెండు నిచ్చెనలు. రోలాండ్ గోడ ముందు నిలబడి చర్చి పత్రికకి ఫోటో దిగాడు. జనమంతా వెళ్ళిపోయారు. ఆర్విడ్ కాఫీ కలుపుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. అప్పుడు చూశాడు మంచు గుట్టని. గోడ లోపల, ఆయనతో పాటే, హాయిగా ఉంది.

వాన పెరిగింది. నీరు బయటికి పోనివ్వని గోడ ఎంత గొప్పదో మధ్యాహ్నానికి తెలిసిపోయింది. పెరడు చెరువైంది. కిటికీలోంచి నీళ్ళు నేలమాళిగలోకి దిగుతున్నాయి. కింద పంపు వాటిని శ్రద్ధగా తోడి గొట్టంతో పెరట్లో పోస్తోంది, పెరట్లోంచి అవే నీళ్ళు కిటికీ దారిన తిరిగి వస్తున్నాయి. పంపు తప్పేముంది, దానికి చెప్పిన పని అది చేస్తోంది.

ఆర్విడ్ రబ్బరు బూట్లు వేసుకుని నాలుగు బస్తాలు లాగేద్దామని బయటికి వచ్చాడు. మొదటి బస్తా మీద చెయ్యి వేశాడో లేదో, గోడ అవతల రోలాండ్ తల కనబడింది. మనుషులు నడుములు విరగ్గొట్టుకుని కట్టిన గోడని పూట తిరక్కుండా వాళ్ళ కళ్ళెదుటే పీకడం ఎలా? ఆర్విడ్ ఆ బస్తాని మెచ్చుకుంటున్నట్టు తట్టాడు.

"బాగుందా? ఏమైనా కావాలా?" అన్నాడు రోలాండ్.

"వద్దు వద్దు, భేషుగ్గా ఉంది."

"నిజంగానా?"

"అబ్బే, ఏం అక్కర్లేదు."

ఆర్విడ్ మూడో మాట కోసం మొహం చూస్తూ నిలబడ్డాడు. రోలాండ్ జేబులో ఫోను మోగింది. వంతెన దగ్గర ఎవరో పిలుస్తున్నారు. చెయ్యి ఊపి పరిగెత్తాడు.

తర్వాత చర్చి వంటలు చూసే గ్లెండా నిచ్చెనెక్కి, మాంసం, బంగాళదుంపలు పరిచి కాల్చిన హాట్‌డిష్ పళ్ళెం అందించింది. ఆర్విడ్ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి అందుకున్నాడు.

"కాళ్ళు తడిసినట్టున్నాయే?"

"కొంచెం చెమ్మ."

"ఏమైనా చెయ్యనా?"

"అబ్బే."

"సరే అయితే, ఇంకా పదకొండిళ్ళకి పళ్ళేలు ఇవ్వాలి," అని దిగిపోయింది. ఆవిడ రెండోసారి కూడా అడగలేదు. ఆర్విడ్‌కి మనసు చివుక్కుమంది.

కింద నీళ్ళు బెత్తెడు లోతుకి వచ్చాయి. ఆయన కారు జాకీ తెచ్చి మగ్గం నాలుగు కాళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి లేపి కింద ఇటుకలు పెట్టాడు. నీళ్ళు ఇటుకలు దాటాయి. ఇక ఇటుకల్లేవు. నేలమాళిగలోనే ఉన్న పెద్ద ఫ్రీజర్ తెరిస్తే, నవంబరులో కొట్టిన జింక మాంసం పొట్లాలు రాళ్ళలా బిగుసుకుని ఉన్నాయి. కాలికి రెండేసి పెట్టాడు. మగ్గం ఠీవిగా నిలబడింది. తన తెలివికి తానే మురిసిపోయి హాట్‌డిష్ సగం తిన్నాడు.

గంట తర్వాత చూస్తే మాంసం మెత్తబడుతోంది. కింద నుంచి నీళ్ళు ఎక్కుతున్నాయి, పై నుంచి మగ్గం దిగుతోంది. రెండిటికీ మధ్య రెండు వేళ్ళ సందు మిగిలింది. ఆర్విడ్‌కి నిజంగా భయం వేసింది. ఆ కర్రకి చుట్టుకున్న పసుపు పేలిక ఆయన కళ్ళ ముందే ఉంది. మార్లిస్ ఆయన్ని తిట్టదు. అదే కష్టం. తిట్టకుండా తడిసిన తివాచీని చేత్తో నిమురుతుంది, అది ఆయన చూడలేడు.

నాలుగింటికి వీధిలోంచి ఈల వినిపించింది. ఆర్విడ్ మెట్లెక్కి బయటికి పరిగెత్తాడు. రోలాండ్ గోడ అవతల నిలబడి నవ్వుతున్నాడు.

"శుభవార్త ఆర్విడ్ గారూ. నది తగ్గుతోందట. ఊళ్ళో ఒక్క ఇంట్లోకీ నీళ్ళు రాలేదు. మీకేమైనా కావాలా?"

"వద్దులే," అంది నాలుక.

"నిజంగా?"

"అబ్బే," అంది మళ్ళీ ఆ పాపిష్టి నాలుక.

రోలాండ్ వెనక్కి తిరిగాడు. నాలుగడుగులు వేశాడు.

"రోలాండ్," అన్నాడు ఆర్విడ్. "మూడోసారి అడుగు."

రోలాండ్ ఆగిపోయాడు. నార్‌బీలో ఆ మాట అంతకుముందు ఎవరూ వినలేదు. మెల్లగా టోపీ తీశాడు.

"ఏమైనా... కావాలా, ఆర్విడ్ గారూ?"

"కావాలి. మార్లిస్ మగ్గం మునిగిపోతోంది."

రోలాండ్ నిచ్చెనెక్కి లోపలికి చూశాడు. తను కట్టిన గోడనీ, అందులోని చెరువునీ, చెరువులో నిలబడ్డ ముసలాయన్నీ చూసి ఈల ఊదాడు. పొద్దున వచ్చిన నలభై మందీ మళ్ళీ వచ్చారు. మొదటి బస్తా రోలాండే లాగాడు. చేతికి దగ్గరగా ఉందని వీధి వైపుది లాగాడు. గోడ లోపలి నీళ్ళన్నీ ఒక్క ఊపున బయటపడి వీధిన పడ్డాయి. కింద ఆరుగురు మగ్గాన్ని భుజాలకెత్తుకుని పంపు నేల తేల్చేదాకా కదలకుండా నిలబడ్డారు.

మార్లిస్ వచ్చేసరికి మగ్గం పొడి నేల మీద ఉంది. ఆవిడ తివాచీ అంతా తడిమి చూసింది. ఎక్కడా తడి లేదు. మగ్గం కాళ్ళ పక్క నలిగిపోయిన ఎనిమిది మాంసం పొట్లాల వంక చూసింది, మొగుడి వంక చూసింది.

"అడిగావా?"

"అడగమని అడిగాను."

ఆవిడ నవ్వి ఆయన తడిసిన చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. తర్వాత మెట్లెక్కి వీధి వైపు కిటికీలోంచి చూసి, "రోలాండ్ వాకిట్లో ఆ నీళ్ళేమిటి?" అంది.

వీధికి పల్లం వైపున్నది రోలాండ్ ఇల్లే. ఆర్విడ్ బూట్లు తొడుక్కుని రోడ్డు దాటాడు. రోలాండ్ తన నేలమాళిగ మెట్ల మీద, మోకాలి లోతున, చేతిలో బకెట్‌తో నిలబడి ఉన్నాడు.

"కొంచెం చెమ్మ," అన్నాడు రోలాండ్.

"సాయం కావాలా, కావాలా, కావాలా?" అన్నాడు ఆర్విడ్ ఊపిరి తిప్పుకోకుండా.

రోలాండ్ బకెట్ మెట్టు మీద పెట్టాడు.

"సరే, మీరంతగా అంటున్నారు కాబట్టి రండి," అన్నాడు. "బస్తాలు మాత్రం తేవద్దు."