రికార్డింగులు దాచండి, చూడకండి!

కంప్యూటర్ తెరను రికార్డ్ చేసే మీట కనిపెట్టిన మహానుభావుడు ఎవరో గానీ, మానవజాతికి అంతకంటే మేలు చేసినవాడు లేడు. మందులు కనిపెట్టినవాళ్లు మన ఆయుష్షు పెంచారు, కాదనను. ఆ పెరిగిన ఆయుష్షంతా మీటింగుల్లో కరిగిపోకుండా కాపాడింది మాత్రం ఈయనే కదా!

నా సొంత కంప్యూటర్‌లో ఈ రోజుకి పదకొండు వందల నలభై రికార్డింగులున్నాయి. పోయిన ఆదివారం దాకా ఒక్కటి కూడా చూడలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, నా క్రమశిక్షణ అలాంటిది.

నేను ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాను. మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు తయారుచేసే కంపెనీ మాది. అట్టపెట్టె అడుగున ‘వాడే విధానం’ అని చిన్న పుస్తకం ఉంటుంది చూడండి, అది రాసేది నేనే. మీరు దాన్ని చదవరని నాకు తెలుసు. ఏమీ అనుకోను. మా కంపెనీకి రోజుకి మూడు మీటింగులు. మొదలవగానే రికార్డింగ్ మీట నొక్కుతాను, మైకు కట్టేస్తాను, వెళ్లి మొక్కలకి నీళ్లు పోస్తాను. తరువాత తీరిగ్గా చూసుకోవచ్చన్న ధీమా ఉందే, చూడటంలో కూడా అంత సుఖం లేదు!

‘అక్కర్లేనివి తీసెయ్యొచ్చుగా’ అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. ఏది అక్కర్లేదో చూడకుండా ఎలా తెలుస్తుందండీ? చూస్తే మరి నా క్రమశిక్షణ ఏమైపోవాలి? అందుకని ఫోల్డర్లు పెట్టాను. ‘ముఖ్యం’, ‘చాలా ముఖ్యం’, ‘తప్పక చూడాలి’, ‘ఇవన్నీ దేనివి’. ఏది ఎక్కడ సర్దానో మరిచిపోతానేమోనని ఆ సర్దడాన్నంతా రెండు గంటల రికార్డింగ్ చేసుకున్నాను. అది ఏ ఫోల్డర్‌లో పెట్టానో గుర్తులేదు.

ఒకసారి రికార్డింగ్ ఆపడం మరిచిపోయి పెళ్లికి వెళ్లాను. పదిహేడు గంటలు! కదలని తెర, పక్కింటి కుక్క మొరుగుడు తప్ప అందులో ఇంకేమీ ఉండటానికి వీల్లేదు. తీసెయ్యమంటారా? రేపు ఆ కుక్క ఫలానా రోజున మొరగనే లేదని పక్కింటివాళ్లు బుకాయిస్తే ఎవరిది పూచీ?

నా అవస్థ చూసి మా బావమరిది పెద్ద డిస్క్ ఒకటి తెచ్చి ఇచ్చాడు. “బావా, దీంతో పదేళ్లు నీకు దిగుల్లేదు” అన్నాడు. నాలుగు నెలల్లో నింపాను.

పోయిన ఆదివారం పొద్దున, స్కూల్లో పాఠాలు చెప్పే మా ఆవిడ కంప్యూటర్ ముందు నుంచి కేకేసింది.

“ఏవండీ! రెండు పేజీల ప్రశ్నపత్రం పెట్టుకుందామంటే చోటు లేదంటోంది ఇది! ఏదో ఒకటి తీసెయ్యండి. ఒక్కటి చాలు. తీసేదాకా నేను ఇక్కడే నిలబడతాను.”

తప్పలేదు. చేతికందినది తెరిచాను. పోయిన నెల పంతొమ్మిదో తారీఖు మీటింగ్.

తెర మీద ఎనిమిది గళ్లు. ఎనిమిదీ చీకటే. ప్రతి గడిలోనూ రికార్డింగ్ నడుస్తోందని చెప్పే ఎర్రచుక్క! అంటే ఎనిమిది మందిమీ మొక్కలకి నీళ్లు పోస్తున్నామన్నమాట. మరి మేనేజర్ గారి గొంతు వినిపిస్తోందేమిటి అనుకున్నాను. నడుమ ఆయన “ఇక్కడ దగ్గొచ్చింది, ఈ ముక్క కత్తిరించాలి” అన్నారు. అప్పుడర్థమైంది, ఆయన కూడా ముందే రికార్డ్ చేసిన ప్రసంగాన్ని వదిలి వెళ్లిపోయారని.

నలభయ్యో నిమిషంలో ఆ గొంతు ఇలా అంది.

“వాడే విధానం పుస్తకాలు ఎవరూ చదవట్లేదు కాబట్టి, వచ్చే నెలాఖరుకి ఆ సెక్షన్ ఎత్తేద్దాం. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి.”

ఒక నిమిషం నిశ్శబ్దం. “ఎవరికీ లేదు. చాలా సంతోషం.”

నా ఉద్యోగం తీసేస్తామంటే నోరు మెదపకుండా ఒప్పుకున్నది నేనే! మా ఆవిడ ప్రశ్నపత్రం సంగతి మరిచిపోయి కుర్చీలో కూలబడింది.

మా సెక్షన్‌లో ఇద్దరమే. నేను, ప్రూఫులు దిద్దే పెద్దాయన. ఇస్త్రీపెట్టె పుస్తకంలో కామా తప్పినా ఆయనకి అన్నం సహించదు. వెంటనే ఫోన్ చేసి విన్నదంతా చెప్పాను.

“నువ్వూ రికార్డింగే పెట్టావా నాయనా?” అన్నారు. “నువ్వుంటావులే అనుకున్నాను.”

ఆయన ఉంటారులే అని నేను అనుకున్నాను. ఎనిమిది మందిమీ అలాగే అనుకుని ఉంటాం.

“ఈ సంగతి ఆఫీసులో ఎవరికైనా తెలుసా?” అంది మా ఆవిడ. ఎలా తెలుస్తుంది? ఎవరూ చూడలేదుగా! మేనేజర్ గారికే గుర్తున్నట్టు లేదు, మొన్ననే కొత్త మిక్సీకి పుస్తకం రాయమని పురమాయించారు. రికార్డింగులు దాచాలి గానీ చూడకూడదని నేను మొత్తుకునేది ఇందుకే! ఆ పంతొమ్మిదో తారీఖుది ఎవరైనా తెరిచారంటే మేమిద్దరం వీధిన పడతాం.

అయినా మనసు ఊరుకోలేదు. సోమవారం మీటింగ్‌లో, ఈ కంపెనీలో చేరాక మొదటిసారి, మైకు తెరిచాను. పెద్దాయన కూడా వస్తానన్నారు గానీ, అదే టైముకి కళ్ల డాక్టర్ రమ్మన్నాడట. రికార్డింగ్ పెట్టి వెళ్లారు.

ఇరవై నిమిషాలు మాట్లాడాను. “మా పుస్తకం ఎవరూ చదవరంటున్నారు. మిక్సీ తిరుగుతుండగా గిన్నెలో వేలు పెట్టబోయిన మనిషి ఒక్కడు, దాన్ని చదివి ఆగిపోతే చాలదా? ఆ ఒక్క వేలి కోసమే కదండీ మేం రాసేది!” అన్నాను. పుట్టి బుద్ధెరిగాక నేను అంత బాగా మాట్లాడింది లేదు. అయ్యాక ఎవరైనా ‘ఊఁ’ అంటారేమోనని చెవులు రిక్కించి కూర్చున్నాను. ఏడు గళ్లలో ఏడు ఎర్రచుక్కలు నిలకడగా వెలుగుతున్నాయి.

చదువరులారా, మీలో మా కంపెనీవాళ్లెవరైనా ఉంటే రెండు చేతులూ జోడించి అడుగుతున్నాను. పంతొమ్మిదో తారీఖుది మీ ఇష్టం. సోమవారంది మాత్రం ఒక్కసారి తెరిచి వినండి. నెలాఖరుకి ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి.