సగం ధరకు గవర్రాజుగారు

తాటిపర్తి గవర్రాజుగారిని ఆయన విద్యార్థులే విదేశంలో ఒక దుకాణంలో కొన్నారు. కొనడం తప్పు కాదు. బేరమాడటం తప్పు. ఇందులో రెండో మాట లేదు.

గవర్రాజుగారు తణుకు దగ్గర ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతారు. కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా జూన్‌లో కాగితం కొత్తగా రాసుకోవాలి. విహారయాత్రకు ఒక పెద్దమనిషి వెంట ఉండాలన్న నిబంధన ఉంది కాబట్టి ఇరవైరెండు మంది విద్యార్థులతో ఆయన్ని ఆ ద్వీప దేశానికి పంపారు. ఆఖరి రోజు మధ్యాహ్నంలోగా గాజు గోపురం, చేపల ప్రదర్శనశాల, పాత కోట చూశారు. ఒక్కొక్కదానికి పదిహేను నిమిషాలు. కోట గురించి ఆయన నోరు తెరిచేసరికి పిల్లలు ఫొటోలు దిగి బస్సెక్కారు. మిగిలిన పూట బజారుకు. ఆరింటికి బస్సు విమానాశ్రయానికి బయలుదేరుతుంది.

ఇంటిసామాన్ల దుకాణంలో మూడో అంతస్తుకు వచ్చేసరికి ఆయన మోకాళ్ళు పట్టేశాయి. ప్రదర్శనకు పెట్టిన బూడిదరంగు సోఫాలో కూర్చున్నారు. ఆ దేశపు చట్టం ప్రకారం అమ్మకానికి పెట్టినచోట పది నిమిషాలు కదలకుండా ఉన్నదేదైనా సరుకే. పదకొండో నిమిషంలో దుకాణం అమ్మాయి వచ్చి, మర్యాదగా తల వంచి, ఆయన చొక్కాకు ధర చీటీ అంటించింది. తాను మనిషినని ఆయన ఇంగ్లీషులో చెప్పారు. ఆ అమ్మాయి కాదనలేదు. మనుషులకు వేరే విభాగం లేదు గనుక సోఫాల కింద రాశానంది.

తర్వాత ఫారం నింపింది. పాత యజమాని ఎవరని అడిగింది. భార్య అని, నాలుగేళ్ళ కిందట పోయిందని ఆయన నిజమే చెప్పారు. అమ్మాయి విచారం తెలిపి, "వాడినది" అన్న గడిలో టిక్కు పెట్టి, ధర పది శాతం తగ్గించింది.

నాలుగున్నరకు పిల్లలు వచ్చారు. ఆయన లేచి వాళ్ళతో గుమ్మం దాటబోతే గుమ్మం కూత పెట్టింది. కాపలావాడు ఆయన్ని తిరిగి సోఫాలో కూర్చోబెట్టి కాలరు సరిచేసి వెళ్ళాడు. కొంటేనే బయటికి.

యాత్ర డబ్బు క్లాసు లీడరు సత్యవేణి దగ్గర ఉంది. ఆమె చీటీ చదివింది.

"అమ్మో! దీనికి పెద్ద కుక్కరొచ్చేద్ది. గ్యారంటీ కూడానూ."

"నేను వింటున్నానమ్మా" అన్నారు గవర్రాజుగారు.

"మీరు మాట్లాడకండి మాస్టారూ. మీరు మాక్కావాలని తెలిస్తే ఆళ్ళు రూపాయి దించరు."

ఏసుబాబు అనే కుర్రాడు సోఫా చుట్టూ ఒకసారి తిరిగాడు. "మోకాలు టక్కుమంటంది. పళ్ళు రెండు కట్టుడువి. పైగా పోయినేడు చెప్పిన పాటమే ఈ ఏడూ చెప్పేరు."

"అది చరిత్రరా. మారదు."

"మీరుండండి మాస్టారూ."

సత్యవేణి సగానికి అడిగింది. అమ్మాయి నవ్వి, ఒకే ధర అన్న బోర్డు చూపించింది. ఈలోగా ఆ దేశపు దంపతులొచ్చారు. భార్య ఒక కర్టెను గుడ్డను గవర్రాజుగారి చెంపకు ఆనించి రంగు కుదిరిందో లేదో చూసింది. కుదిరింది. అప్పటికి అయిదుంబావు.

"పదండ్రా, వద్దు!" అంది సత్యవేణి గట్టిగా. "పక్క కొట్లో ఇంతకన్నా మంచి మాస్టార్లుంటారు."

అందరూ వెనుదిరిగారు. తణుకులో ఏ బట్టల కొట్లోనైనా ఇలాగే చేస్తారు. తిరిగి చూడకూడదు. చెప్పులు వేసుకునేలోపు కొట్టువాడే పిలవాలి. అయితే పిలవడం తన వంతని ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. ఆమె వాళ్ళకు చెయ్యి ఊపి, సోఫా దుమ్ము దులిపింది. పిల్లలు కదిలే మెట్ల మీద నిలబడ్డారు. వాటి మీద ఆగడం కుదరదు. ఇరవైరెండు తలలు ఒక్కొక్కటే కిందికి దిగిపోయాయి. ఒక్కటీ తిరగలేదు. దంపతుల్లో భర్త కార్డు బయటికి తీశాడు.

గవర్రాజుగారే పిలిచారు.

"రండమ్మా! రండి! ఎంతిస్తారో మీరే చెప్పండి!"

"సగం!" అని కిందినుంచి సత్యవేణి గొంతు వినిపించింది.

"సగానికే వస్తాను!"

"ఆ సోఫా దిండు కూడా ఇయ్యాలి!"

అమ్మాయి నియమావళి తీసి చూసింది. సరుకు తన ధర తాను తగ్గించుకోవచ్చు, పెంచుకోకూడదు అని ఉంది. బిల్లు కొట్టింది. దిండు కూడా ఇచ్చింది. బస్సు ఆరింటికే కదిలింది.

ఖర్చుల కాగితాలతో పాటు ఆ బిల్లు కాలేజీకి చేరింది. జూన్‌లో కొత్త కాంట్రాక్టులో ఏడాది జీతం అన్నచోట బిల్లులోని అంకె వేశారు.

"మేం తగ్గించింది కాదండి మాస్టారూ. మీరన్న రేటే" అన్నారు ప్రిన్సిపాల్.

గవర్రాజుగారు ఆలోచిస్తుండగా తలుపు సందులోంచి ఒక లెక్చరరు తల పెట్టి, తాను ఇంకా తక్కువకు వస్తానన్నాడు. అతని వెనక మరో అయిదుగురున్నారు. వాళ్ళనెవరూ పిలవలేదు.

గవర్రాజుగారు సంతకం పెట్టారు. ఈ సంగతి ఆయన ఇంతవరకు ఎవరితోనూ ఎత్తలేదు. ఇక ఎత్తరు. ఎవరూ అడగవద్దు.