నవ్వితే కనిపించే పన్ను

"నవ్వినప్పుడు కనిపించే ప్రతి పంటికీ తెల్లటి గట్టి ఫిల్లింగ్! ఖర్చంతా ఆరోగ్య బీమాదే!"

మంత్రి హెన్నింగ్ డెట్మర్స్ గారు ఈ చరిత్రాత్మక ప్రకటన చేసిన రోజున మా ఉత్తర సముద్రతీరంలో ఒక్కరూ నవ్వలేదు. ఇక్కడివాళ్లు ఎంత సంతోషమేసినా "ఫర్వాలేదు" అని ఊరుకుంటారు.

నేను పళ్ల డాక్టరు ఉబెన్ గారి క్లినిక్‌లో సహాయకురాలిని. టోమా ఐలర్స్ అవ్వ దవడ పంటికి బీమావారు ఉచితంగా ఇచ్చే సిమెంటు ఫిల్లింగ్, టీలోని పటికబెల్లం కొరికినప్పుడల్లా ఊడివస్తోంది.

"తెల్లదైతే నిలుస్తుంది," అన్నారు డాక్టరమ్మ. "సిమెంటు ఇంకోసారి ఊడిందంటే మాత్రం పన్ను పీకడమే."

"పటికబెల్లం మానేస్తే?" అన్నాను.

"ఊపిరి కూడా మానెయ్యమను, పోరీ," అంది అవ్వ.

తెల్లది మంజూరు చెయ్యాలంటే పన్ను కనిపించాలి. బీమా అధికారి ఫొక్కో వుబేనా గారు స్వయంగా టార్చిలైటు పట్టుకుని వచ్చారు.

"నవ్వండి."

"దేనికి?"

"పథకానికి."

అవ్వ పెదవులు కదల్లేదు. ఆయన ఎంతో శ్రమపడి ఒక జోకు చెప్పారు.

"ఫర్వాలేదు," అంది అవ్వ, నోరు దాదాపు తెరవకుండానే. "మా పెళ్లి ఫొటోలోనూ ఇలాగే ఉన్నా నాయనా."

అంతలో పథకం అమలును పరిశీలించడానికి మంత్రిగారే కెమెరాలతో విచ్చేశారు. అవ్వ భుజం తట్టారు.

"నేనూ మీలాంటివాణ్ణే అవ్వా! మీ నోట్లో ఏ సిమెంటు ఉందో నా నోట్లోనూ అదే. కావాలంటే చూడండి!"

నోరు తెరిచారు. అలవాటుకొద్దీ నేను దీపం అటు తిప్పాను. లోపల చివరిదాకా బంగారం ధగధగలాడింది.

అవ్వ నవ్వింది. కుర్చీ ఊగేలా, కొండనాలుక కనిపించేలా నవ్వింది. కెమెరాలు మెరిశాయి.

"కనిపించింది!" అన్నారు డాక్టరమ్మ.

ఫొక్కో గారు మంత్రిగారి వైపు చూసి, టార్చి ఆర్పేశారు. "కనిపించింది. కానీ దేనికి నవ్వారో పైవాళ్లు అడుగుతారు కదండీ. నేనేం చెప్పను? ఈ నవ్వు చెల్లదు."

మళ్లీ సిమెంటే వేశాం. పటికబెల్లం తన పని తాను చేసింది. ఆ పన్ను పీకేశాం.

బుగ్గలో దూది పెట్టుకుని బయటికొస్తూ అవ్వ గోడ దగ్గర ఆగింది. అక్కడ ప్రభుత్వంవారి కొత్త పోస్టరు ఉంది. నోరారా నవ్వుతున్న అవ్వ, పక్కన నోరు గట్టిగా మూసుకున్న మంత్రిగారు. కింద "పథకం ఫలించింది" అని పెద్ద అక్షరాలు. అవ్వ దవడ పన్ను స్పష్టంగా కనిపిస్తోంది.

అవ్వ బుగ్గలోని దూదిని నాలుకతో పక్కకి జరుపుకుంది.

"ఫర్వాలేదు," అంది.