వైశాలికి ఏమీ కానివాడు కావలెను

మనిషి పుట్టాడనడానికి ఆ మనిషి ఎదురుగా నిలబడితే చాలదని నాగరిక ప్రపంచం ఎప్పుడో తేల్చేసింది.

సిడ్నీ క్వేకర్స్ హిల్‌లో ఉండే రాధాకృష్ణ కూతురు వైశాలికి డబ్లిన్ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. నెలాఖరులోగా ఐరిష్ పౌరసత్వం చూపించకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరిది. కాలం చేసిన ఆమె తల్లి మోరా ఐరిష్ వాళ్లమ్మాయి. కనుక అమ్మమ్మ ఐర్లాండులో పుట్టిందని రుజువు చేస్తే చాలు. తండ్రీకూతుళ్లు అక్కడి గాల్వే దగ్గరి ఒక చర్చి రికార్డులు వెతికించి ఆవిడ బాప్తిస్మం, పెళ్లి, మరణం మూడూ సంపాదించారు. (మధ్యలో ఆవిడ బతికినదానికి మాత్రం ఎవరూ కాగితం అడగలేదు.)

ఇక మిగిలింది సాక్షి. పౌరసత్వం తేల్చే వంశమూల నిర్ధారణ మండలి నిబంధన ప్రకారం, సాక్షి డాక్టరో లాయరో లాంటి అధికారముద్ర ఉన్నవాడై అమ్మాయిని బాగా ఎరిగుండాలి, బంధువై ఉండకూడదు. క్వేకర్స్ హిల్ తెలుగువాళ్లలో అటువంటి ప్రాణి లేదని పాపం మండలికి తెలియదు.

డాక్టర్ హనుమయ్య సంతకం పెట్టాడు. అమ్మాయి మీకేమవుతుందని మండలి ఉపనిర్ధారకురాలు ఫోన్ చేసి అడిగింది. "ఆవర్ గర్ల్ మేడమ్. ఓణీల ఫంక్షన్‌కి బార్బెక్యూ కూడా మా యార్డ్‌లోనే," అన్నాడాయన. తిరస్కరించారు. లాయరు జనార్దనరావు, తనను అంకుల్ అంటుందని మురిసిపోతూ చెప్పాడు. తిరస్కరించారు. ఈ కుటుంబంలో డాక్టర్లూ లాయర్లూ అనుమానాస్పదమైన సంఖ్యలో ఉన్నారని ఫైలులో రాసుకున్నారు కూడా.

"ఊరికే పరిచయమంటే పోయేది కదండీ," అని హనుమయ్య మీద విసుక్కున్నాడు రాధాకృష్ణ.

"పిల్ల పక్కనే ఉందండీ. ఎలా అంటాను, ఫీలవదూ?"

చివరికి, సంతకం పెట్టే అధికారం ఉండి, తమ ఇంట ఒక్కపూటైనా భోంచెయ్యని మనిషి కోసం వెతికారు. ఒక్కడే తేలాడు. డెక్లన్, ఊళ్లోనే ఉన్న నోటరీ, మోరా సొంత అన్న. చెల్లెలు ఇండియావాణ్ణి చేసుకున్నప్పటి నుంచి ఆయన మాట్లాడటం మానేశాడు.

"డాడ్, దిస్ వన్ ఈజ్ యాక్చువల్లీ మై అంకుల్," అంది వైశాలి కారులో.

"ఆయనకా పట్టింపు లేదులేమ్మా, పద."

డెక్లన్ గుమ్మంలోనే నిలబడి కాగితం చదివాడు. ఎంతకాలంగా ఎరుగుదురు అన్నచోట 'పుట్టినప్పటి నుంచి' అని రాశాడు. బంధుత్వం అన్నచోట తడుముకోకుండా 'ఏమీ లేదు' అని రాసి ముద్ర కొట్టాడు. రాధాకృష్ణ థాంక్స్ చెప్పాడు.

ఈసారి మండలి ఫోన్ కూడా చెయ్యలేదు. (అమ్మమ్మదీ సాక్షిదీ ఒకే ఇంటిపేరు కావడం గురించి ఫారంలో గడి లేదు.) గడువులోగానే పౌరసత్వం వచ్చింది. అమ్మమ్మ రక్తం ఉన్నందుకు ఇచ్చారు. ఆ రక్తంతో తనకు ఏ సంబంధమూ లేదని ఆవిడ కొడుకు రాసిచ్చాక.