మినహాయింపులు లేవు

ఆ ఆదివారం పొద్దున మాస్టారు వేసుకున్న ప్రణాళికలో మూడే పనులున్నాయి. పదింటికి ఆట మొదలుపెట్టాలి, పన్నెండుకల్లా డ్రాగన్‌ను దింపాలి, రెండింటికల్లా ఆ డ్రాగన్‌ను చంపించి అందరూ నవ్వుతూ టీ తాగాలి. ఆయన బడిలో భూగోళశాస్త్రం చెబుతారు కాబట్టి నదులు ఎక్కడ పుట్టి ఎటు పోతాయో ఆయనకు కంఠతా వచ్చు. మాటలు ఎటు పోతాయన్నది ఆయన సబ్జెక్టు కాదు.

ఈ ఆట ఎరగనివాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. ఇందులో గళ్ళ అట్ట ఉండదు. మాస్టారు ఒక కథ చెబుతారు. మిగతావాళ్ళు ఆ కథలో తలొక మనిషై, నేనిలా చేస్తాను, నేనిలా అంటాను అని చెబుతారు. చేయగలిగారో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఒక్కో పాత్రకు కాగితం మీద ఇన్ని ప్రాణం పాయింట్లని రాసుంటాయి. అవి అయిపోతే పాత్ర పోయినట్టే. పోయినవాళ్ళు బల్ల దగ్గర కూర్చోవచ్చు గానీ నోరు మెదపకూడదు. మాస్టారింటి ముందుగదిలో ఒకే కథ ఐదేళ్ళుగా నడుస్తోంది. కొండ మీద ఒక డ్రాగన్ నదికి అడ్డంగా పడుకుని మూడు ఊళ్ళకు నీళ్ళు రాకుండా చేసింది. దాన్ని చంపడానికి బయల్దేరిన నలుగురు కిందటి వారానికి కొండ మొదటికి చేరారు.

ఆ నలుగురిలో యోధుడు కళ్ళజోళ్ళ షాపాయన. మాంత్రికుడు బస్సు డిపోలో టైంటేబుళ్ళు వేసే గుమాస్తా. విలుకత్తె ఆసుపత్రి నర్సు. నాలుగో మనిషి మాస్టారి అత్తగారు. మొదట్లో ఒక మనిషి తక్కువైతే, "మీరు ఊరికే కూర్చోండి, చాలు" అని మాస్టారు ఆవిడకు గాడిదలు తోలే ముసలమ్మ పాత్ర ఇచ్చారు. నాలుగంటే నాలుగు పాయింట్లు, చేతిలో ఒక కర్ర. ఆవిడ ఐదేళ్ళుగా చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ, తన వంతు వచ్చినప్పుడల్లా "గాడిదలకు నీళ్ళు పెడతాను" అనేవారు. అంతకు మించి ఒక్క మాట ఎరగరు.

చిక్కు కిందటి ఆదివారం వచ్చిపడింది. కళ్ళజోళ్ళ షాపు ముందు రోడ్డును మంచినీటి గొట్టాల కోసం తవ్వి, మూడు నెలలుగా అలాగే వదిలేశారు. షాపాయన అధికార పక్షాన్ని తిట్టాడు. అభివృద్ధి కావాలంటే ఓపిక పట్టాలని గుమాస్తా అన్నాడు. ఆ మాట చిలికి చిలికి గాలివాన అయింది. ఒకే బెంచీ మీద చదువుకుని, నలభై ఏళ్ళుగా ఒరే అంటే ఒరే అనుకున్నవాళ్ళు, పోయేటప్పుడు ఒకరినొకరు 'గారూ' అనుకుని పోయారు. ప్రాణస్నేహితుల మధ్య అంతకన్నా పెద్ద తిట్టు లేదని మాస్టారికి తెలుసు.

పైగా నర్సుకు వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. సోమవారం పొద్దున రైలు. "ఆ డ్రాగన్ సంగతి తేలకుండా వెళ్తే నాకక్కడ నిద్ర పట్టదు మాస్టారూ" అని వారంలో నాలుగుసార్లు ఫోన్ చేసింది. ఇవాళ ఆ ఇద్దరూ మళ్ళీ తగువు పడితే కథ ముగియదు. నర్సు వెళ్ళిపోతుంది, వీళ్ళిద్దరూ మానేస్తారు, ఆపైన ఆదివారాలు ఆ బల్ల మీద దుమ్ము తుడుచుకోవడమే మిగులుతుంది. ఆ బెంగతో మాస్టారు రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే ముందుగదిలోని నల్లబల్ల మీద గుండ్రటి అక్షరాలతో ఇలా రాశారు:

'ఆట దగ్గర ఎవరు రాజకీయం మాట్లాడినా వారి పాత్రకు పది పాయింట్లు కోత. మినహాయింపులు లేవు. ఆట ముగిసేదాకా ఈ నియమం మార్చకూడదు.'

లోపలి గదిలో లెక్కల పేపర్లు దిద్దుకుంటున్న భార్య ఒకసారి వచ్చి చూసింది. "ఆ చివరి రెండు వాక్యాలూ అవసరమా?" అంది.

"వాళ్ళ సంగతి నీకు తెలీదు. సూది దూరేంత సందిస్తే బస్సు దూర్చేస్తారు" అన్నారు మాస్టారు. ఆవిడ వెళ్ళి తలుపు వేసుకుంది.

పదింటికి అందరూ వచ్చారు. షాపాయన బల్లకు ఆ చివర, గుమాస్తా ఈ చివర కూర్చున్నారు. నియమం చదివి ఇద్దరూ తలూపారు. ఆట మొదలుకాకముందే షాపాయన జేబురుమాలు తీసి చొక్కా దులుపుకుంటూ, "వీధంతా ఒకటే దుమ్ము" అన్నాడు.

"మాస్టారూ, అది రాజకీయం" అన్నాడు గుమాస్తా.

"దుమ్ము కూడా రాజకీయమేనాండీ?"

"ఆ దుమ్ము ఎక్కణ్ణుంచి వస్తోందో చెప్పండి, తేలిపోతుంది."

"ఎక్కణ్ణుంచంటే, మీవాళ్ళు తవ్విన గోతిలోంచి."

మాస్టారు సుద్దముక్క అందుకున్నారు. యోధుడికున్న యాభైలో పది పోయాయి. కూపీ లాగి మరీ అనిపించినందుకు మాంత్రికుడి నలభైలోనూ పది పోయాయి. ఇద్దరూ చల్లబడ్డారు. నియమం బాగానే పనిచేస్తోందని మాస్టారు లోలోపల మురిసిపోయారు.

కథ మొదలైంది. నలుగురూ కొండ ఎక్కుతున్నారు. దారిలో యోధుడు ఆగి గొంతు సవరించుకున్నాడు. "మాంత్రికా, నేను పూర్వం ఒక రాజ్యంలో కొలువు చేశాను. అక్కడి రాజు కోట ముందు పెద్ద గొయ్యి తవ్వించి, మూడు మాసాలు పూడ్చలేదు. వాణ్ణి ఏమనాలి?"

"దూరదృష్టి కలవాడనాలి" అన్నాడు మాంత్రికుడు. "ఆ గోతిలో గుర్రం కాలు పడ్డ మాట నిజమే. కానీ రేపు నీళ్ళొస్తే ముందు బిందె పెట్టేది ఆ గుర్రమెక్కినవాడే."

మాస్టారు ఇద్దరికీ చెరో పది కోశారు.

"ఇది కథలో మాట మాస్టారూ" అన్నాడు షాపాయన. "అన్నది యోధుడు, నేను కాదు."

"కథలో అన్నా అన్నట్టే" అన్నారు మాస్టారు కచ్చితంగా. "పాత్ర మాట్లాడినా పాత్రకే కోత. ఇది నా తీర్పు." ఎంతో ఆలోచించి ఇచ్చినట్టుంది ఆ తీర్పు. కాసేపయ్యాక అది ఆయన మెడకే చుట్టుకుంటుందని అప్పుడు ఎవరికీ తోచలేదు.

ఆ తీర్పు అన్యాయమని షాపాయన, న్యాయమే గానీ తనకు వర్తించదని గుమాస్తా వాదనకు దిగారు. నర్సు గడియారం చూసుకుంది. "ఎందుకండీ గొడవ? ఓటింగ్ పెడితే పోలా?" అంది. ఓటింగ్ రాజకీయం కాకపోతే ఇంకేమిటని ఆవిడ ముప్ఫైలో పది పోయాయి. చేతులెత్తే పద్ధతికి ఒప్పుకోను, రహస్య ఓటింగే కావాలని గుమాస్తా పట్టుబట్టాడు; పది. రహస్యం కోరేది దొంగ ఓట్లు వేసేవాళ్ళేనని షాపాయన అన్నాడు, పది. "నేనన్నది ప్రజాస్వామ్యం గురించి, రాజకీయం గురించి కాదు" అని నర్సు సర్దిచెప్పబోయింది, ఇంకో పది. "ప్రజాస్వామ్యం గురించి మా షాపు ముందుకొచ్చి చెప్పమనండి" అన్నాడు షాపాయన. ఆ పదీ పోయాయి. కోతి పుండు బ్రహ్మరాక్షసి అయింది. డ్రాగన్ తోక కూడా కనబడకముందే ముగ్గురికీ తలా పది పాయింట్లు మిగిలాయి. అత్తగారు రెండో గుప్పెడు చిక్కుళ్ళు ఒళ్ళో పోసుకున్నారు.

"ఇక ఎవరూ మాట్లాడకండి" అన్నారు మాస్టారు. "ఊపిరి పీల్చినా కోస్తాను."

షాపాయన, గుమాస్తా వారం తర్వాత మొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చూసుకుని, కూడబలుక్కున్నట్టు ఒకే గొంతుతో అన్నారు: "ఇది నియంతృత్వం."

మాస్టారు ఇద్దరికీ కోశారు. యోధుడూ మాంత్రికుడూ కొండ దారిలో పక్కపక్కనే కూలిపోయారు. అది చూసి నర్సుకు నవ్వాగలేదు. "చూశారా మాస్టారూ, కూటమి కట్టారు" అంది. విలుకత్తె కూడా పోయింది.

మాస్టారు సుద్ద చేత్తో పట్టుకుని నల్లబల్లకేసి చూస్తూ నిలబడిపోయారు. ఐదేళ్ళు నడిచిన ముగ్గురు వీరులు, ఒక్క కత్తి కూడా దూయకుండా, నోటి దూలతో చచ్చారు. నియమం తుడిచేద్దామంటే మార్చకూడదని రాసింది ఆయనే. ఎవరి గోతిలో ఎవరు పడ్డారో ఆయనకు అర్థమవుతోంది.

"అంటే, డ్రాగన్ని చూడకుండానే వెళ్ళిపోతానన్నమాట" అంది నర్సు. చచ్చినవాళ్ళు మాట్లాడకూడదని ఆవిడకు ఎవరూ గుర్తు చేయలేదు. ఇటు షాపాయన, అటు గుమాస్తా తలలు దించుకున్నారు. ఇద్దరికీ నిజంగానే సిగ్గేసింది.

"అదేమిటి, నా ముసలమ్మ ఉందిగా అల్లుడుగారూ" అన్నారు అత్తగారు. అందరూ అటు తిరిగారు. ఆవిడ చిక్కుళ్ళ పళ్ళెం పక్కన పెట్టి చేతులు దులుపుకున్నారు. "గాడిదల్ని తోలుకుని పైకెళ్తాను."

"అత్తయ్యగారూ, మీకున్నవి నాలుగు పాయింట్లు. దానికి నూట ఇరవై. అది ఊదితే మీరుండరు."

"ఊదనివ్వండి చూద్దాం."

మాస్టారు మూడు వారాలుగా స్నానాల గదిలో సాధన చేసిన బొంగురు గొంతు తీశారు. "ఎవరక్కడ, నా కొండెక్కింది?"

"నేనే నాయనా, గాడిదలదాన్ని. మోకాళ్ళు పట్టేశాయి, కాస్త కూర్చుంటాను. ఈ నీళ్ళెందుకు ఆపావు?"

పద్ధతి ప్రకారం డ్రాగన్ ఇప్పుడు నిప్పు కక్కాలి. పాచిక ఒక్కసారి దొర్లిస్తే ముసలమ్మ మసి అవుతుంది, ఐదేళ్ళ కథ అక్కడితో సరి. మాస్టారు పాచిక మీద చెయ్యి వేసి, నర్సు మొహం చూసి, చెయ్యి తీసేశారు. నాలుగు మాటలు చెప్పి కాలక్షేపం చేద్దామనుకున్నారు.

"నేను ఆపకముందు మాత్రం అందరికీ అందాయా?" అంది డ్రాగన్. "కాలువను పై ఊరి పెద్దలు తమ పొలాలకు తిప్పుకున్నారు. కింది ఊళ్ళవాళ్ళు అడిగితే కమిటీ వేశారు."

షాపాయన లేచాడు. చచ్చినవాడు కాబట్టి మాట్లాడలేదు. నల్లబల్ల దగ్గరికి వెళ్ళి నియమంలో 'ఎవరు' అన్న మాట కింద ఒక గీత గీశాడు. 'మినహాయింపులు లేవు' కింద రెండు గీతలు గీశాడు. పక్కన 'డ్రాగన్ 120' అని రాసి, కొట్టేసి, 110 వేశాడు.

"అది కథలో..." అని మాస్టారు మొదలుపెట్టి, తన తీర్పు గుర్తొచ్చి ఆగిపోయారు.

"పదేగా, పోతే పోయాయి" అన్నారు అత్తగారు. "తర్వాతేమైంది నాయనా? కమిటీ ఏం తేల్చింది?"

కూపీ లాగినందుకు ఆవిడకూ కోత పడాలి గానీ, సుద్ద ఇప్పుడు షాపాయన చేతిలో ఉంది. మాస్టారు నోరు మూసుకోవలసింది. కానీ కథ నడిపేవాడు ఏ పక్షమూ వహించకూడదని, ఆయన ఐదేళ్ళుగా ఆ బల్ల దగ్గర ఒక్క అభిప్రాయం చెప్పలేదు. బడిలో చెప్పకూడదు. ఇంట్లో అడిగేవాళ్ళు లేరు. అలాంటి మనిషిని 'తర్వాత?' అని ఒకరు అంత ఆప్యాయంగా అడగడం అదే మొదలు.

"ఏం తేలుస్తుంది? కమిటీలో ఉన్నవాళ్ళంతా పై ఊరివాళ్ళే."

వంద.

"అయ్యో. మరి అడిగేవాళ్ళే లేరా?"

"అడిగేవాళ్ళుంటే ఇలా ఎందుకుంటుంది? ఒకడు తవ్వినవాణ్ణి తిడతాడు. ఒకడు తవ్వినవాణ్ణి మోస్తాడు. గొట్టం ఎప్పుడు వేస్తారయ్యా అని ఆఫీసుకెళ్ళి అడిగినవాడు ఒక్కడు లేడు." బొంగురు గొంతు ఎప్పుడో పోయింది. అది మాస్టారి సొంత గొంతు. షాపాయన గీత గీయబోయి ఆగి, గుమాస్తాకేసి చూశాడు. గుమాస్తా కుర్చీలోంచి లేచి వచ్చి అతని పక్కన నిలబడ్డాడు. తొంభై అయింది, ఎనభై అయింది. మాస్టారు పన్నుల మీదికి వెళ్ళారు, అక్కణ్ణుంచి వీధి దీపాల మీదికి, అక్కణ్ణుంచి ఓటర్ల మీదికి వెళ్ళారు. ఒక్కటి చెప్పి ఆపేద్దామని ప్రతిసారీ అనుకున్నారు.

ముప్ఫై దగ్గర ఆయనకు తెలివొచ్చింది. గ్లాసుడు నీళ్ళు తాగి, "ఇక మాటల్లేవు. డ్రాగన్ నిప్పు కక్కుతుంది" అని పాచిక చేతిలోకి తీసుకున్నారు.

"కక్కు నాయనా. పండుటాకుని, ఎలాగూ రాలిపోయేదాన్నే" అన్నారు అత్తగారు. "పోయేముందు ఒక్క మాట. నీకు పిల్లలున్నారా? వాళ్ళకు దగ్గర్లో బడి ఉందా?"

మాస్టారు పాచిక కింద పెట్టేశారు. "బడా? రెండేళ్ళ కిందట శంకుస్థాపన చేశారు. రాయి ఉంది, బడి లేదు."

ఇరవై.

"ఆ రాయికి మళ్ళీ రంగులు వేశారు, ఎందుకో తెలుసా? పెద్దాయన వస్తున్నాడని."

"ఒరే, గియ్యరా, ఇంకోటి అన్నాడు" అన్నాడు గుమాస్తా, చచ్చిన సంగతి మరిచిపోయి.

"ఉండరా, సుద్ద అరిగిపోయింది" అన్నాడు షాపాయన. గుమాస్తా తన జేబులోంచి డిపో సుద్ద తీసి ఇచ్చాడు. అప్పుడు ఇద్దరికీ ఒకేసారి తెలిసింది, తాము ఏమని పిలుచుకున్నారో. షాపాయన కొత్త సుద్దతో పది వేశాడు.

"అసలు మన బడ్జెట్టులో చదువుకి..." అంటున్నారు మాస్టారు.

డ్రాగన్ చనిపోయింది.

మాస్టారు నల్లబల్ల మీది సున్నా చూశారు, అత్తగారిని చూశారు, నెమ్మదిగా కూర్చున్నారు. కానీ కథ నడిపేవాడి ధర్మం మరువలేదు. "కొండ మీద పెద్ద శరీరం పక్కకు ఒరిగింది" అన్నారు. "దాని వెనక ఐదేళ్ళుగా ఆగిన నది కదిలింది. ముందు సన్నగా, తర్వాత చప్పుడు చేస్తూ, ముసలమ్మ పాదాలు తడుపుకుంటూ మూడు ఊళ్ళవైపు దిగింది. అత్తయ్యగారూ, ఇప్పుడు మీరేం చేస్తారు?"

"ఏముంది" అన్నారు అత్తగారు. "గాడిదలకు నీళ్ళు పెడతాను."

నర్సు ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వి, వెళ్ళి ఆవిడను కావలించుకుంది. మాస్టారు ఇరవై ముఖాల పాచికను నర్సు చేతిలో పెట్టి కిటికీ వైపు తిరిగారు. రేపు స్టేషన్‌కు పెట్టెలు మోసేది తామేనని, దారిలో ఆ గొట్టాల ఆఫీసు తలుపు కూడా తడతామని షాపాయన, గుమాస్తా చెప్పారు.

చప్పుడు విని మాస్టారి భార్య తలుపు తీసింది. "అమ్మా, నువ్వా చంపింది? ఎలా?"

"నేనేం చేశానే? మీ నాన్న ముప్ఫై ఏళ్ళు వార్డు మెంబరు. 'తర్వాత?' అని అడుగుతుంటే చాలు, వాళ్ళే అలిసిపోతారు" అని అత్తగారు చిక్కుళ్ళ పళ్ళెం మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నారు.

డ్రాగన్ ఒంటిగంటకే చనిపోయింది గానీ, బడ్జెట్టు దగ్గర ఆగిన దాని ప్రసంగం టీ దగ్గర మళ్ళీ మొదలై సాయంత్రం నాలుగింటికి ముగిసింది.