మంచి ఎదురు

ఇడ్లీ తిని, స్కూలుకెళ్ళి, ఒక్క ముక్క చెప్పాలి. జగదీశ్వరరావు మాస్టారు ఆ ఉదయం పెట్టుకున్న పని అంతే. ఆ ముక్క "సరే" అనా, "వద్దు" అనా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. అల్లం చట్నీయా, కొబ్బరి చట్నీయా అన్నదీ తేలక ఆయన వట్టి ఇడ్లీలే తిన్నారు.

నర్సీపట్నంలో ఆయన లెక్కలు చెప్పే ప్రైవేటు స్కూల్లో హెడ్మాస్టరు పదవి ఖాళీ అయింది. కరస్పాండెంటు యాజులుగారు సీనియారిటీ ప్రకారం ముందు ఆయన్నే అడిగారు. పదింటిలోగా చెప్పకపోతే తర్వాతి మనిషిని అడుగుతానన్నారు. ఆ తర్వాతి మనిషి ఎదురింటి గురుప్రసాదు. ఒప్పుకుంటే వాన పడ్డప్పుడల్లా సెలవియ్యాలా వద్దా అని తనే తేల్చాలి. ఒప్పుకోకపోతే రోజూ గురుప్రసాదుకు నమస్కారం పెట్టాలి. ఏది తలుచుకున్నా మాస్టారికి రెండోదే నయమనిపిస్తోంది. జవాబు రాయకుండా వదిలేస్తే సున్నా అని పిల్లల్ని బెదిరించేది కూడా ఈయనే!

"ఇంతకీ మీకేటి కావాలండీ?" అని అడిగింది భార్య లోవలక్ష్మి. ఆవిడా ఆ స్కూల్లోనే సైన్సు టీచరు. సీనియారిటీలో గురుప్రసాదు తర్వాత ఆవిడే.

"అది తెలిస్తే ఇంత హైరానా ఎందుకే? గేటు దాటగానే మంచి ఎదురొస్తే సరే అంటాను, చెడ్డ ఎదురొస్తే వద్దంటాను. మన చేతిలో ఏవుంది?"

"చేతిలో ఉన్నదాన్నే కదా వీధిలోకి ఇసిరేస్తన్నారు!"

మాస్టారు గేటు తీశారు. ఒక పిల్లి సగం దూరం అడ్డంగా వచ్చి, ఏమనుకుందో, వెనక్కి తిరిగిపోయింది. ఇది అపశకునమా, సగం అపశకునమా? ఆయన లోపలికొచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరారు. ఈసారి పాలు పోసే కామమ్మ వస్తోంది. చేతిలో పాలక్యాను, నెత్తిన కట్టెలమోపు. పాలు మంచివి, కట్టెలు చెడ్డవి.

"కామమ్మా, ఆ మోపు దింపేసి ఇంకోసారి ఎదురు రావూ?"

"ఓలమ్మో! రేపు మీ పని సెడితే నన్నే ఆడిపోసుకుంటారు. నానెదురు రాను బాబూ!" అని కామమ్మ వెనక్కి తిరిగి, దారిపొడుగునా అరుచుకుంటూ వెళ్ళింది. "మాస్టారు పెద్ద పని మీదెల్తన్నారు. ఎవులూ ఎదురెల్లకండి!"

టపటపా తలుపులు పడ్డాయి. గోపీకృష్ణ ఆటోని రివర్సులో తీసుకుపోయాడు. కబురు వీధి చివరకు వెళ్ళేసరికి పెద్ద పని కాస్తా ఆపరేషనైపోయింది. పాపం, ఆ చివరింటి జోగులమ్మకు జాలేసి తన ఆవును తోలుకొచ్చింది.

"మా ఆవెదురొస్తే ఏ ఆపరేషనైనా సుకంగా అయిపోద్ది మాస్టారూ!"

ఆవు గేటుకు అడ్డంగా నిలబడి, మాస్టారికి తోక చూపించి, ఆయన మందారమొక్క తినడం మొదలుపెట్టింది. ఆవు మంచి ఎదురే. కానీ అటు తిరిగిన ఆవు?

"ఈ గేట్లోంచి కుదర్దు గానీ, నాకు బెల్లయిపోతంది," అంటూ లోవలక్ష్మి బ్యాగు తగిలించుకుని పెరటి గుమ్మంలోంచి వెళ్ళిపోయింది.

మాస్టారు ఆవు మీదుగా తొంగి చూశారు. ఎదురింటి గేటు సందులోంచి గురుప్రసాదు కూడా తొంగి చూస్తున్నాడు.

"పదయిపోయిందండి. యాజులుగారు ఫోన్ చేసి నన్నడిగారు. ఆలోచించి సెప్తానన్నాను," అన్నాడు గురుప్రసాదు.

"మరి బేగి వెళ్ళి చెప్పవయ్యా!"

"మంచి ఎదురు కోసం సూస్తన్నానండి. ఎప్పుడు సూసినా మీరే కనపడతన్నారు."

మాస్టారికి ఒళ్ళు మండింది. తను చెడ్డ ఎదురా? అంతలో ఫోన్ మోగింది.

"మాస్టారూ, అభినందనలు!" అన్నారు యాజులుగారు.

"నేనింకా ఏవీ చెప్పలేదండీ..."

"మీరు కాదండీ, మీ ఆవిడ. మీరు రాలేదు, గురుప్రసాదుగారు తేల్చలేదు. ఎదురుగా కనపడితే లోవలక్ష్మిగారిని అడిగాను. 'చేస్తానండి' అన్నారు. అంతే!"

మాస్టారు అరుగు మీద చతికిలపడ్డారు. అసూయ కలిగింది, సిగ్గు వేసింది. ఆ రెండూ దిగాక, ఇక తను తేల్చాల్సిందేమీ లేదని గుర్తొచ్చి ప్రాణం హాయిగా ఉంది. లోపలికెళ్ళి రెండు చట్నీలూ వేసుకుని ఇంకో నాలుగు ఇడ్లీలు లాగించారు.

సాయంత్రం భార్య రాగానే ఉండబట్టలేక అడిగారు. "పొద్దున్న నీకెదురెవరొచ్చారే?"

"సూడలేదండీ," అంది లోవలక్ష్మి.

మర్నాడు కుండపోతగా వాన. సెలవు లేదని హెడ్మిస్ట్రెస్ ఒక్క మాటలో తేల్చేసింది. ఇంట్లో ఉన్న రెండు గొడుగుల్లో ఏది పట్టుకెళ్ళాలో తేలక మాస్టారు తడుస్తూ స్కూలుకు వెళ్ళారు.